తొలి ప్రధాని ముద్దుల కూతురు మేరీ

పిల్లలూ! కెనడా తొలి ప్రధానమంత్రి సర్ జాన్ ఎ. మెక్డొనాల్డ్ గురించి మీరు బడిలో చదువుకునే ఉంటారు. 1867లో దేశం ఏర్పడటం, ఈ చివరి నుంచి ఆ చివరికి రైలు మార్గం వేయించడం, ఇవన్నీ పాఠాల్లో ఉంటాయి. ఆయనకు మేరీ అనే కూతురు ఉండేదని మాత్రం చాలామందికి తెలియదు.

మెక్డొనాల్డ్ మొదటి కొడుకు 13 నెలల పసివాడుగానే చనిపోయాడు. 1857లో మొదటి భార్య కూడా కన్నుమూసింది. 1867లో ఆయన ఆగ్నెస్ బెర్నార్డ్‌ను పెళ్ళి చేసుకున్నారు. 1869 ఫిబ్రవరి 8న ఆటవాలో మేరీ పుట్టింది. అప్పటికి తండ్రి వయసు 54 ఏళ్ళు.

పాపకు హైడ్రోకెఫాలస్ అనే జబ్బు ఉందని కొద్దికాలంలోనే తెలిసింది. మన మెదడు చుట్టూ ఉండే నీరు ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోవాలి. అలా కలవకపోతే లోపలే నిలిచి మెదడును నొక్కుతుంది. పసిపిల్లల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తల పెద్దదవుతుంది. ఇప్పుడు సన్నని గొట్టం అమర్చి ఆ నీటిని కడుపులోకి మళ్ళిస్తారు. ఈ వైద్యం బాగా వాడుకలోకి వచ్చింది 1950ల తర్వాతే. మేరీ పుట్టిన రోజుల్లో చేయగలిగింది ఏమీ లేదు. ఆమె తనంతట తాను ఎప్పుడూ నడవలేకపోయింది. మాట కూడా నిదానంగా వచ్చేది. ఉత్తరాలు తాను చెబుతుంటే వేరొకరు రాసేవారు.

ఆ కాలంలో ఇటువంటి పిల్లల్ని బయటివాళ్ళ కంట పడకుండా ఉంచేవారు. లేదా శరణాలయాలకు పంపేవారు. ఒంటారియోలోని ఒరిలియాలో 1876లో అలాంటి పెద్ద సంస్థ ఒకటి మొదలైంది కూడా. మేరీని మాత్రం అమ్మానాన్నలు తమ దగ్గరే ఉంచుకున్నారు. తోటి పిల్లల్ని ఇంటికి పిలిచి వేడుకలు చేశారు. పార్లమెంటు పనుల్లో ఎంత అలసిపోయినా నాన్న ఆమె పక్కన కూర్చుని కథలు చెప్పేవారు. మేరీ ఊరెళ్ళినప్పుడు ఆయన రాసిన ఒక ఉత్తరం ఇప్పటికీ ఉంది. తోటలో పుచ్చకాయలు కాశాయనీ, తొక్కలు కోళ్ళకు నువ్వే వేయాలనీ, అమ్మ కత్తిరించిన నా జుట్టు మళ్ళీ పెరిగింది, వచ్చాక గట్టిగా లాగకేం అనీ అందులో రాశారు. దేశాన్ని ఏలే మనిషి రాసిన ఉత్తరమంటే నమ్మబుద్ధి కాదు!

ఇక రెండో మాట. తన కూతుర్ని ఇంతగా ప్రేమించిన ఈయన ప్రభుత్వమే 1885లో చైనా నుంచి వచ్చే ఒక్కొక్కరి మీద 50 డాలర్ల పన్ను వేసింది. రైలు మార్గం కోసం ప్రాణాలకు తెగించి పనిచేసిన కూలీలు భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడం కష్టమైపోయింది. 1883 నుంచి ఈ నేల తొలి ప్రజల పిల్లల్ని కన్నవాళ్ళకు దూరం చేసే వసతి బడులు కూడా వచ్చాయి. ఆ పన్నుకు 2006లోనూ, ఆ బడులకు 2008లోనూ కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. తన బిడ్డ మీద ఉన్న ప్రేమ ఎదుటివాడి బిడ్డ మీద ఉండకపోతే ఎంత అన్యాయం జరుగుతుందో చూడండి.

1891 జూన్ 6న మెక్డొనాల్డ్ మరణించారు. తరువాత కొన్నేళ్ళకు తల్లీకూతుళ్ళు ఇంగ్లండు చేరారు. 1920లో తల్లి పోయాక కూడా మేరీ మరో 12 ఏళ్ళకు పైగా జీవించింది. 1933 జనవరి 28న హోవ్ పట్టణంలో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 63 ఏళ్ళు.

పెద్దలకు ఒక మనవి. నలుగురూ ఏమనుకుంటారోనని ఉగాది వేడుకకో, పెళ్ళికో బిడ్డను తీసుకురాకుండా ఇంట్లోనే ఉంచేసే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. దయచేసి తీసుకురండి. పిల్లలూ, ఆ బిడ్డ వచ్చినప్పుడు వింతగా చూడకండి. పక్కన కూర్చోబెట్టుకుని పేరు అడగండి, మీ ఆటలో చేర్చుకోండి. మాట నిదానంగా వస్తే జవాబు కోసం ఆగండి.