ఒకే సర్వరును నమ్ముకోని వెబ్‌సైటు: ఐపీఎఫ్ఎస్ విధానం

1994లో ప్రారంభమైన జియోసిటీస్ అనే సేవ సామాన్యునికి కూడా అంతర్జాలంలో ఉచితంగా కాసింత చోటు కల్పించింది. 1999లో యాహూ సంస్థ దానిని కొనుగోలు చేసి, 2009 అక్టోబరులో అమెరికాలో మూసివేసింది. కొందరు ఔత్సాహికులు ప్రతులు తీసి దాచిన మేరకు తప్ప, లక్షలాది పుటలు కనుమరుగైనాయి. వాటిని ఉంచిన యంత్రాలు ఆగిపోవడమే అందుకు కారణం.

రాష్ట్రం వెలుపల స్థిరపడిన తెలుగువారికి ఈ ముప్పు మరింత దగ్గరిది. ఒక గ్రంథాలయ సంఘమో, పూర్వవిద్యార్థుల సంఘమో నడుపుకొనే వెబ్‌సైటు భారం సాధారణంగా ఒక్కరి భుజాల మీదనే ఉంటుంది. ఆ ఒక్కరు ఊరు మారినా, ఏటా కట్టవలసిన రుసుము మరచినా, ఏళ్ల తరబడి కూడబెట్టిన ఛాయాచిత్రాలు, స్థానిక చరిత్రలు ఒక్కరోజులో మాయమవుతాయి. ఈ సమస్యకు ఒక పరిష్కార మార్గంగా రూపొందినదే 'ఇంటర్ ప్లానెటరీ ఫైల్ సిస్టమ్', క్లుప్తంగా ఐపీఎఫ్ఎస్. దీనిని హువాన్ బెనెట్ 2014లో ప్రతిపాదించాడు.

మామూలు వెబ్ చిరునామా ఒక వస్తువు 'ఎక్కడ ఉన్నది' అని చెబుతుంది. ఐపీఎఫ్ఎస్ చిరునామా ఆ వస్తువు 'ఏది' అని చెబుతుంది. ఇంటి నంబరుకూ మనిషి వేలిముద్రకూ ఉన్న భేదమే ఇక్కడా ఉన్నది. ఇల్లు మారితే నంబరు మారుతుంది, వేలిముద్ర మారదు. ఫైలులోని సమాచారాన్ని ఎస్‌హెచ్ఏ-256 వంటి గణిత ప్రక్రియకు లోనుచేయగా వచ్చే సంకేతమే దాని గుర్తింపు. పాత రూపంలో ఇది క్యూ, ఎం అనే అక్షరాలతో మొదలై మొత్తం 46 అక్షరాలుంటుంది. ఫైలులో ఒక్క కామా మారినా సంకేతం పూర్తిగా మారిపోతుంది. కనుక అపరిచితుని కంప్యూటరు నుండి ఫైలు అందినప్పటికీ, దానినుండి సంకేతాన్ని మళ్లీ లెక్కించి, ఎవరూ దిద్దలేదని నిర్ధారించుకోవచ్చు. ఏ ఫైలు ఎవరివద్ద ఉన్నదో తెలిపే పట్టికను కూడా ఒకే కేంద్రంలో ఉంచక, సభ్య కంప్యూటర్లన్నీ పంచుకొని మోస్తాయి.

వెబ్‌సైటును ప్రచురించే పద్ధతి కష్టమైనది కాదు. మొదట పుటలు, బొమ్మలు అన్నింటినీ ఒకే ఫోల్డరులో చేర్చాలి. ముఖపత్రానికి 'ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్' అని పేరు పెట్టాలి. పుటల మధ్య లంకెలు పూర్తి వెబ్ చిరునామాతో గాక, ఫోల్డరులోని స్థానాన్ని బట్టి ఉండాలి. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లోనే ఉండాలి. ఒకప్పటి తెలుగు సైట్లు ఎన్నో ప్రత్యేకమైన ఫాంట్లను వాడినందున, ఆ ఫాంటు దొరకనిచోట ఫైలు ఉన్నా చదువుటకు రాదు. పిమ్మట 'కూబో' అనే ఉచిత ప్రోగ్రామును స్థాపించి, 'ఇనిట్', 'డెమన్' ఆదేశాలతో దానిని నడిపించి, 'యాడ్' ఆదేశంతో ఫోల్డరు మొత్తాన్ని చేర్చాలి. చివర కనిపించే సంకేతమే ఆ వెబ్‌సైటు చిరునామా. ఈ ప్రోగ్రాము లేని పాఠకులు 'గేట్‌వే' అనే మధ్యవర్తి సర్వరు ద్వారా మామూలు బ్రౌజరులోనే చూడవచ్చు.

దిద్దిన ప్రతిసారీ చిరునామా మారితే పాఠకుడు ఏమి కావాలి? ఇందుకు 'ఐపీఎన్ఎస్' అనే ఏర్పాటు ఉన్నది. మారని ఒక పేరు ఎల్లప్పుడూ సరికొత్త ప్రతిని చూపుతుంది. సొంత డొమైను ఉన్నవారు దాని డీఎన్ఎస్ వివరాలలో ఈ సంకేతాన్ని నమోదు చేసినా అదే ఫలితం.

దీని ప్రయోజనం 2017లో లోకానికి తెలిసింది. ఏప్రిల్ 29న టర్కీ ప్రభుత్వం వికీపీడియాను నిరోధించగా, మే నెలలో టర్కీ భాషా వికీపీడియా ప్రతిని ఐపీఎఫ్ఎస్‌లో ఉంచారు. నిరోధం 2020 జనవరిలో గాని తొలగలేదు. అయితే ఆ ప్రతి చదువుకొనుటకే పరిమితం, దిద్దుటకు వీలులేదు. సర్వరుపై లెక్కలు, లాగిన్లు అవసరమయ్యే సైట్లకు ఈ ఒక్క విధానం చాలదు.

మరి రెండు హెచ్చరికలు అవసరం. మొదటిది, ఐపీఎఫ్ఎస్‌లో పెట్టినది దానంతటదే శాశ్వతం కాదు. ఇతరులు చూసినప్పుడు వారి యంత్రంలో నిలిచే ప్రతి తాత్కాలికమే. స్థలం చాలనప్పుడు అది చెరిగిపోతుంది. ఒక్కరైనా దానిని 'పిన్' చేసి, యంత్రాన్ని నడుపుతూ ఉంటేనే అది దొరుకుతుంది. ఇంటి కంప్యూటరుకు కరెంటు కోతలు తప్పవు కనుక, వేర్వేరు ఊళ్లలోని ఇద్దరు ముగ్గురు పిన్ చేసి ఉంచుకొనడం మేలు. రుసుముపై పిన్ చేసే సంస్థలు కూడా ఉన్నాయి. రెండవది, పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఇతరులు దాచుకొన్న ప్రతిని వెనక్కి రప్పించలేము. సభ్యుల ఫోన్ నంబర్లు, పిల్లల వివరాలు అందులో పెట్టరాదు.

వెరసి, యంత్రం చేయగలిగినది ప్రతులను సులభంగా పంచడం, వాటి నిజాన్ని నిరూపించడం. దాచిపెట్టే బాధ్యత మాత్రం మనుషులదే. పూర్వం తాటాకు ప్రతి శిథిలం కాకముందే మరొకరు దానిని నకలు వ్రాసుకొన్నందువల్లనే గ్రంథాలు మనవరకు వచ్చాయి. ఒక సంఘంలో ముగ్గురు పూనుకొంటే, ఆ పని నేడు ఒక్క సాయంత్రంలో మొదలుపెట్టవచ్చు.