ఫోను చెప్పిందని మందు కొట్టేయకండి

మిరప ఆకు ముడుచుకుంది. సెల్‌ఫోనుతో ఫొటో తీస్తే తెగులు పేరు, మందు పేరు రెండూ చెప్పేస్తోంది. కృత్రిమ మేధ అంటున్నది దీన్నే. రైతు సోదరులారా, దీన్ని కొట్టిపారేయనూ వద్దు, గుడ్డిగా నమ్మనూ వద్దు.

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి విత్తే అదును ఎప్పుడో సెల్‌ఫోన్లకు తెలుగులో కబురు పంపాయి. ఆ సలహాతో దిగుబడి సుమారు 30 శాతం పెరిగిందని అప్పట్లో ప్రకటించాయి.

మరి చిక్కెక్కడ? ఇది పాత ఫొటోలు, పాత లెక్కలు చూసి నేర్చుకుంటుంది. 2021లో మిరపపై విరుచుకుపడ్డ నల్ల తామర పురుగులాంటి కొత్తది వస్తే గుర్తుపట్టలేక పాత పేరే చెప్పొచ్చు. మందు తప్పితే నష్టపోయేది మీరే.

ఆకు అడుగు, పూత, మొక్క మొత్తం వేర్వేరుగా ఫొటో తీయండి. పూతను తెల్లకాగితంపై దులిపి పురుగుందేమో చూడండి. మందు కొనేముందు మండల వ్యవసాయాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకో చూపించండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మందు కొంటే రసీదు తీసుకోవడం మరవకండి. పంట చేతికొచ్చేదాకా దాన్ని దాచండి.