సన్నదుకు సాగిన బాట

కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునని మనవారి సామెత. వ్యాజ్యమువలన కలుగు వ్యయప్రయాసలను ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట కష్టము. అయినను చేనిగట్టు తగవు పెరిగినపుడు, బావినీటి వంతు తెగనపుడు, అన్నదమ్ముల పంపకము కలహముగా మారినపుడు ఊరివారు వెదకికొనునది నల్లకోటు తొడిగిన మనిషినే. తమకు నోట రాని మాటను తమ పక్షమున న్యాయాధిపతి ఎదుట పలుకగలవాడు అతడు. అట్లు పలుకు హక్కు అతనికి ఎవరిచ్చిరి? ఏ పరీక్షలు గడచి అతడు అచటికి వచ్చెను? కక్షిదారునకు ఈ ప్రశ్నలు తోచవు. కాని, బిడ్డను లా చదివింపదలచిన తండ్రికి ఇవి నిద్రపట్టనీయని ప్రశ్నలు.

నల్లమల అంచున, మార్కాపురమునకు ఉత్తరపు దిక్కుగా నున్న పుల్లలచెరువు అట్టి తండ్రులు గల ఊరు. అది మెట్టసీమ. వాన కురిసిననే పంట, బోరు పలికిననే బ్రతుకు. 1970వ సంవత్సరమువరకు ఆ ప్రాంతము కర్నూలు జిల్లాలో నుండెను. జిల్లా కేంద్రమునకు పోవలెనన్న నల్లమల కొండలు దాటి పోవలసియుండెను. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడగా మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. న్యాయవాద వృత్తికి దారి ఎట్టిదో తెలియగోరువారికి ఆ పేరే ఒక పాఠము.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి బిడ్డలను సాకిరి. ఒక పరీక్షకు కట్టవలసిన ఫీజు మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలకై ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టవలసి వచ్చెను. గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని వెంటబెట్టుకొని రాజమహేంద్రవరమునకు చేర్చిరి. అచటి చదువు ముగిసిన పిదప ప్రకాశముగారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, సెకండు గ్రేడు ప్లీడరై, రాజమహేంద్రవరమున వృత్తి సాగించి పేరు గడించిరి. పురపాలక సంఘమునకు అధ్యక్షులును అయిరి.

ఇచ్చట ఆ కాలపు కట్టుబాటు కొంత తెలిసికొనవలెను. బ్రిటిషువారి పాలనలో న్యాయవాదులందరు ఒక్క పంక్తిలో కూర్చుండువారు కారు. ఇంగ్లండులో చదివివచ్చిన బారిష్టరుది అగ్రాసనము. పిదప హైకోర్టు వకీళ్ళు. ఆ దిగువ ప్లీడర్లు. 1879నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము ప్లీడర్లకును, ముక్తార్లకును నియమములేర్పరచెను. ప్లీడర్లలో మరల ఫస్టు గ్రేడు, సెకండు గ్రేడు అను భేదములుండెను. ఎవని సన్నదు ఎట్టిదో దానినిబట్టి వాడు ఏ కోర్టు గడప త్రొక్కవచ్చునో నిర్ణయమగుచుండెను. విషయము ఎంత తెలిసినను, వాక్కు ఎంత పదునైనదైనను, సెకండు గ్రేడు ప్లీడరు పై కోర్టులలో నిలబడి వాదింపరాదు. తాను క్రింది కోర్టున గెలిచిన దావా అప్పీలుకు పోయినపుడు దానిని మరియొకరి చేతిలో పెట్టి చూచుచుండవలసినదే.

ఆ గోడను దాటుటకే ప్రకాశముగారు 1904లో సముద్రము దాటిరి. ఆ కాలమున లండనులోని న్యాయవిద్యా సంస్థలలో పరీక్షలు ఇచ్చుటయేగాక, నియమిత సంఖ్యలో అచటి భోజనశాలలో విందులకు కూర్చుండుటయు బారిష్టరు కాగోరువానికి విధి. పంతులుగారు మాంసము ముట్టననియు, మద్యము త్రాగననియు, పొగ పీల్చననియు తల్లికి మాట ఇచ్చి పోయినవారు. ఒంగోలు పూటకూళ్ళయింటి బిడ్డ లండను విందులకు పోయి బారిష్టరు పట్టముతో 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టున స్థిరపడెను. నాడు అచట పేరుగన్న న్యాయవాదులలో తెలుగువారు మిక్కిలి తక్కువ. వారిలో ఆయన ఒకరై ధనము, కీర్తి రెండును ఆర్జించిరి. అంత కష్టపడి సంపాదించిన వృత్తిని 1921లో జాతీయోద్యమముకొరకు విడిచిరి. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైరి. ఆ కథ అందరెరిగినదే. ఆ గోడను ఎక్కుటకు ఒక ప్రతిభావంతుని జీవితమున మూడేండ్లును, సముద్రయానమును వ్యయమైనవన్నది మాత్రము గమనింపదగినది. ఎక్కలేక ఈవలనే నిలిచిపోయిన ప్రతిభావంతుల పేళ్ళు ఏ జిల్లాకును పెట్టబడలేదు.

స్త్రీలకైతే ఆ గోడకు మెట్లే లేవు. వారికి ఈ వృత్తిని తెరచినది 1923నాటి చట్టము. ఆ తెరచిన తలుపున ప్రవేశించిన తెలుగు వనితలలో దుర్గాబాయమ్మగారు మేటి. బాల్యవివాహపు బంధము త్రెంచుకొని, ఉద్యమములో చెరసాలలకు పోయి, పిదప చదువు సాగించి, 1942లో మద్రాసున న్యాయవాదిగా చేరిరి. తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలైరి.

స్వాతంత్ర్యానంతరము 1961లో పార్లమెంటు చేసిన అడ్వకేట్ల చట్టము ఈ అంతస్తులను కూల్చివేసినది. నేడు ప్లీడరు, వకీలు, బారిష్టరు అను తరగతులు లేవు, అందరును అడ్వకేట్లే. సీనియరు అడ్వకేటు అను గౌరవము ఒకటి కలదు గాని అది ప్రవేశమునకు అడ్డు కాదు. మార్కాపురము కోర్టులో వాదించువాడు సుప్రీంకోర్టులోనైనను నిలబడి వాదింపవచ్చును. ఏ హక్కుకొరకు ప్రకాశముగారు సముద్రము దాటిరో ఆ హక్కు నేడు పుల్లలచెరువు యువకునకు ఇంటికడనే లభించుచున్నది. ఇది చిన్న మార్పు కాదు.

అయినను ద్వారము తెరచియుండుట వేరు, లోనికి పోగలుగుట వేరు. నేటి మెట్లెట్టివో చూతము. మొదటిది లా పట్టము. ఇంటరు పిదప ఐదేండ్లు గాని, డిగ్రీ పిదప మూడేండ్లు గాని, బార్ కౌన్సిలు ఆఫ్ ఇండియా గుర్తించిన కళాశాలలో చదువవలెను. 2008నాటి నియమముల ప్రకారము ప్రవేశమునకు అర్హతపరీక్షలో సామాన్యముగా నూటికి 45, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 40 మార్కులు కావలెను. హాజరు నూటికి డెబ్బది ఉండవలెను. న్యాయవాదులయొద్దను, న్యాయసంస్థలలోను శిక్షణ మూడేండ్ల విద్యార్థి పండ్రెండు వారములు, ఐదేండ్ల విద్యార్థి ఇరువది వారములు పొందవలెను. రెండవ మెట్టు రాష్ట్ర బార్ కౌన్సిలులో నమోదు. భారత పౌరుడై, ఇరువదియొక్క ఏండ్లు నిండినవాడై యుండవలెను. నీతిబాహ్యమైన నేరమునకు శిక్షపడినవాడు విడుదలయై రెండేండ్లు గడచువరకు అర్హుడు కాడు. మూడవ మెట్టు అఖిల భారత బార్ పరీక్ష.

ఈ మూడవ మెట్టును కొందరు కొత్త ఆంక్షయని తలంతురు. అది పూర్తిగ నిజము కాదు. 1961 చట్టములోనే పట్టము పిదప శిక్షణయు, పరీక్షయు విధింపబడియుండెను. 1973లో పార్లమెంటు ఆ నిబంధనను తొలగించినది. 1995లో బార్ కౌన్సిలు ఒక ఏడు శిక్షణను నియమముగా పెట్టగా, 1999లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. 2010లో కౌన్సిలు పరీక్షను తిరిగి ఏర్పరచెను. మొదటి పరీక్ష 2011 మార్చి 6వ తేదీన జరిగినది. కౌన్సిలునకు అట్టి అధికారము లేదన్న వాదము పండ్రెండేండ్లు నలిగి, 2023 ఫిబ్రవరి 10వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము అధికారము కలదని తీర్పు చెప్పుటతో ముగిసినది. 2009-10 విద్యాసంవత్సరమునుండి పట్టము పొందినవారందరికి ఇది విధి. నమోదైనవాడు రెండేండ్లలో దీనిని గడువనిచో వృత్తి సాగింపరాదు.

పరీక్ష భయపడదగినది కాదు. మొత్తము నూరు ప్రశ్నలు. ప్రతిదానికి ఇచ్చిన సమాధానములలో సరియైనదానిని గుర్తించుటయే పని. తప్పు వ్రాసిన మార్కు కోతపడదు. వ్యాఖ్యలు లేని మూలచట్టముల ప్రతులను వెంట తీసికొనిపోవచ్చును. సామాన్యులకు నూటికి 45, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును 40 వచ్చిన చాలును. తప్పినవాడు మరల వ్రాయవచ్చును. 2024 జూలై 1వ తేదీనుండి శిక్షాస్మృతి, క్రిమినలు ప్రొసీజరు, సాక్ష్య చట్టముల స్థానమున కొత్త సంహితలు అమలులోనికి వచ్చినందున, పాత పుస్తకముతో పోవువాడు మాత్రము చిక్కుపడును.

ఇట్టి పరీక్ష కనీసజ్ఞానమును కొలువగలదు. అంతవరకు మేలే. కాని ఆ నూరింటిలో వృత్తిధర్మమునకు కేటాయించిన ప్రశ్నలు నాలుగు మాత్రమే! కక్షిదారుని సొమ్ము, రహస్యము, కొన్ని వేళల ప్రాణము చేతిలో పెట్టుకొనువాని ధర్మబుద్ధిని నాలుగు ప్రశ్నలు తేల్చగలవా?

ఇక వ్యయము మాట. చట్టము 24వ సెక్షను ప్రకారము నమోదు రుసుము సామాన్యులకు 750 రూపాయలు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలు. కాని రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు వేర్వేరు పేళ్ళతో వేలకువేలు వసూలు చేయుచు వచ్చినవి. ఒడిషాలో అది నలుబదివేలు దాటినది. 2024 జూలై 30వ తేదీన సుప్రీంకోర్టు ఇది చట్టవిరుద్ధమనియు, చట్టములో చెప్పినదానికి మించి గైకొనరాదనియు తీర్పు చెప్పినది. బీదలను, అణగారినవారిని వాకిటనే నిలుపునట్టి రుసుము సమానత్వమునకు భంగకరమని న్యాయమూర్తులు తలచిరి. నల్లమల చెంచుగూడెమునుండి పట్టము పుచ్చుకొని వచ్చిన బిడ్డకు 125 రూపాయలకును, పదివేలకును గల దూరము లెక్కలలో చూపునది కాదు. సుబ్బమ్మగారి పట్టుచీర కథ తెలిసినవారికి దానిని వేరుగా వివరింప నక్కరలేదు. 

రుసుము తీరినను మొదటి ఏండ్ల కష్టము తీరదు. వృత్తిలో నున్నవాడు పూర్తికాలపు జీతపు కొలువు చేయరాదని నియమము. సీనియరుయొద్ద కాగితములు మోయుచు, వాయిదాలు వ్రాసికొనుచు గడపు కాలమున ఇంటినుండి డబ్బు తెప్పించుకొనవలసినదే. 2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు జూనియరు సివిలు న్యాయాధిపతి పదవికి మూడేండ్ల న్యాయవాద అనుభవమును మరల తప్పనిసరి చేసినది. అనుభవము కావలెననుట న్యాయమే. కాని ఆ మూడేండ్లు ఏమి తిని బ్రతుకవలెనన్నది మెట్టసీమ రైతుబిడ్డ అడుగు ప్రశ్న. దానికి సమాధానము తీర్పులలో దొరకదు. సీనియర్లు తమయొద్ద పనిచేయు యువకులకు తగినంత ఇచ్చుట దయ కాదు, ధర్మము.

అన్నిటికంటె కఠినమైన అర్హత ఒకటి కలదు. దానికి పరీక్ష లేదు, రుసుము లేదు. అది భాష. బార్ పరీక్షను మొదటినుండియు తెలుగులో వ్రాయు వీలు కల్పించిరి. రాష్ట్రపు లాసెట్టు ప్రవేశపరీక్షయు తెలుగులో కలదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయముల ప్రవేశపరీక్ష మాత్రము ఆంగ్లముననే. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారము ఆంగ్లమున సాగును. కనుక ఆంగ్లము రానివాడు పైకి పోలేడు. ఇది అందరెరిగిన మాట. తెలుగు సరిగా రానివాడు క్రింద నిలువలేడన్నది ఎవరును చెప్పని మాట.

పుల్లలచెరువు రైతు వచ్చి "ఆ చేను మాదే" నని అనును. ఆ ఒక్క మాటలో చట్టము మూడు మాటలు వెదకును. హక్కు ఎవరిది? స్వాధీనము ఎవరిది? రికార్డులో పేరెవరిది? అడంగలులో పేరుండుట సాగుబడికి సాక్ష్యము కావచ్చును గాని అదియే యాజమాన్యపు హక్కు కాదు. తాత మాటతో ఇచ్చిన చేను, పాలివాడు దున్నుచున్న చేను, తాకట్టు తీరని చేను, అన్నియు రైతు నోట "మాదే". వీనిని విడదీసి అడుగవలెనన్న ఆ సీమ పలుకుబడి తెలియవలెను. అడిగినదానిని దావాలో పొందుపరుపవలెనన్న చట్టపు పరిభాష తెలియవలెను. ఈ రెంటినడుమ వంతెనయైనవాడే న్యాయవాది. వంతెన ఒక ఒడ్డున మాత్రమే ఆనినచో దానిపై ఎవడును నడువలేడు. సాక్షి చెప్పిన మాట ఒకటి, కాగితముపై పడినది మరొకటియైన నాడు, వ్యాజ్యములో ఓడునది న్యాయవాది కాదు, రైతు.

కావున లా చదువగోరు ఆ సీమ యువకులు తమ పల్లె పుట్టుకను లోపముగా తలంపరాదు. నగరమున పెరిగిన సహాధ్యాయి ఎన్ని కోచింగులు పొందినను కొనలేని పెట్టుబడి అది. ఆంగ్లమును కష్టపడి నేర్వవలెను. కొత్త సంహితలను అక్షరమక్షరము చదువవలెను. పరీక్షను మొదటి యత్నముననే గడుపవలెను. అయితే తాత చెప్పు గట్టు తగవును, అవ్వ చెప్పు పంపకపు కథను చెవియొగ్గి వినుట మానరాదు. సన్నదు ఇచ్చునది బార్ కౌన్సిలు. కాని కోర్టు వరండాలో చేతులు కట్టుకొని నిలిచిన ముసలి రైతు, "వీడు నా మాట వినినాడు" అని నమ్మిననాడే ఆ సన్నదునకు విలువ. ఆ నమ్మకమును ఏ ధర్మాసనమును తీర్పుతో ఈయలేదు, ఏ రుసుమును కొనలేదు.