భయానికి ఎన్ని మార్కులు?

మా మనవడు ఈ ఏడు మార్చిలో పదో తరగతి బోర్డు పరీక్ష రాసిండు. జనవరి నుంచే వానికి నిద్ర లేదు. రాత్రి రెండింటికి నేను మంచినీళ్లకు లేస్తే, దుప్పట్ల కూర్చొని చేతులు పిసుక్కుంటుండె. అన్నం ముందర పెడితే కడుపుల తిప్పుతున్నది అనేటోడు. మా ఆమె బీడీల చాట పక్కన పెట్టి మిరపకాయలతో దిష్టి తీసింది. తాయెత్తు గూడ కట్టించినం.

నా తప్పు గూడ చెప్తా. "చదువకుంటే నా లెక్క సాంచెల మీదికే పోతవ్" అని రోజూ అనేటోణ్ని. వాని మంచికే అనుకున్న. షోలాపూర్ల ముప్పై ఏండ్లు చాదర్ల కార్ఖానాల నిలబడి కాళ్లు చెడగొట్టుకున్నోణ్ని, ఇంకేమంటా?

బడికి ఒక మేడమ్ వస్తది. పాఠాలు చెప్పదు, పిల్లల మనసుల సంగతి వింటది. ఆమె మమ్ముల పిలిపించి 'టాపింగ్' అని ఒకటి చూపింది. వేళ్లతోని ఒంటి మీద మెల్లగ తట్టుకునుడు. అమెరికాల రోజర్ కలాహన్ అనే మనస్తత్వ నిపుణుడు 1980లలో ఇసుంటిది మొదలుపెట్టిండట. 1990లలో గ్యారీ క్రెయిగ్ అనే ఆయన దాన్ని సులువు చేసి ఈఎఫ్‌టీ అని పేరు పెట్టిండు.

ముందుగాల భయానికి సున్నా నుంచి పది దాక మార్కులు వేయాలె. మావోడు తొమ్మిది అన్నడు. తర్వాత చిటికెన వేలు కింద అరచేయి అంచు మీద తట్టుకుంట, భయాన్ని పేరు పెట్టి చెప్పి, "అయినా నేను మంచోణ్నే" అని మూడుసార్లు అనాలె. ఆ మీదట కనుబొమ్మ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గదుమ, మెడ కింది ఎముక, చంక కింద, నడినెత్తి. ఒక్కోచోట ఐదారుసార్లు. జొన్నరొట్టె తట్టినట్టు కాదు, అంతకన్న మెల్లగ. అయినంక మళ్ల మార్కులు అడగాలె.

మావోడు మొదలు మరాఠీల "పరీక్షంటే భయం" అన్నడు. మేడమ్ మరాఠీ ఆమెనే, అయినా "ఇంట్ల మాట్లాడే భాషల చెప్పు బాబూ" అన్నది. అప్పుడు వాడు తల వంచుకొని తెలుగుల అన్నడు: "ఫెయిలైతే తాత మొఖం ఎట్ల చూడాలె?" నేను ఆ పక్కనే ఉన్న. ఇగ నా మొఖం నేను ఎక్కడ పెట్టుకోవాలె?

మూడుసార్లు తట్టినంక తొమ్మిది ఆరుకు దిగింది. "ఆ చోట్లల్ల ఏముంది మేడమ్?" అని అడిగిన. ఆమె దాచలేదు. 2003ల కెనడాల కాలేజీ పిల్లల మీద ఒక పరీక్ష చేసిండ్రట. చెప్పిన చోట్లు కాక చేతి మీద ఇంకోచోట తట్టినా, ఆఖరికి బొమ్మ మీద తట్టినా, భయం అంతే తగ్గిందట. అంటే మహిమ ఆ చోట్లది కాదు. భయం నోటితోని చెప్పుడు, చేతులకు ఒక పని దొరుకుడు, పక్కన పెద్దోళ్లు తిట్టకుండ కూర్చునుడు, ఇవే పని చేసినయని నా లెక్క. వేలకు వేలు ఫీజు అడిగి ఇది నేర్పుతమనేటోళ్ల దిక్కు పోకండ్రి.

ఇది మందు కాదు. పిల్ల రెండు వారాలు సరిగ్గ తినకుంటే, నిద్రపోకుంటే, బడి మానేస్తే పెద్ద దవాఖానల మానసిక డాక్టరుకు చూపాలె. "నేను ఉండి ఏం లాభం" అన్నదంటే ఒక్క రోజు గూడ ఆగొద్దు, ఒంటరిగ వదలొద్దు. సర్కారు 2022 అక్టోబర్ల పెట్టిన టెలి మానస్ ఫోను 14416. పైసలు పడవు, రాత్రైనా ఎత్తుతరు, తెలుగుల గూడ మాట్లాడొచ్చు. పిల్లలకు ఆపదొస్తే 1098.

సాంచెల మాట నేను ఇంట్ల బంద్ పెట్టిన. రాత్రి వాడు తట్టుకుంటుంటే నేను గూడ కూర్చొని తట్టుకునేది. మా ఆమె నవ్వేది.

పరీక్ష పొద్దున గేటు దాక నేనే పోయిన. "ఎంతరా?" అన్న. "ఐదు తాతా. నీది?" అన్నడు. "ఎనిమిది" అన్న. పకపక నవ్వుకుంట లోపలికి పోయిండు.