రాత్రివేళ వైద్యశాల – మన సాక్ష్యము

ప్రసవవేదనకుఁ బగలు రాత్రి యను భేదము లేదు. అందుచేతనే 2005వ సంవత్సరమున నారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కొన్ని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు 24 గంటలును బనిచేయవలెనని తలఁచి, వానికి ముగ్గురేసి నర్సుల నుద్దేశించినది.

తలుపు తెఱచియున్నంతనే వైద్యము క్షేమకరమగునా? అది తెలిసికొనుటకే జాతీయ నాణ్యతా ప్రమాణములు 2013లో వెలువడి, తరువాత నీ కేంద్రములకును వర్తించినవి. ఎనిమిది విభాగములలో మార్కు లిత్తురు. టీకామందులు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నున్నవా? వాడిన సూదులు గుచ్చుకొనని తెల్లడబ్బాలోఁ బడుచున్నవా? పరీక్షకులు కన్నులారఁ జూతురు, రికార్డులు చదువుదురు, ఉద్యోగుల నడుగుదురు, రోగులనుగూడ నడుగుదురు. ఈ కడపటిదే మన వంతు.

ఒక రాత్రి మా పొరుగింటి కోడలిని నొప్పులతో నట్టి కేంద్రమునకుఁ దోడ్కొనిపోయితిమి. గంటసేపు పిలిచినఁ గాని నర్సు రాలేదు. పిదప పరీక్షకు లడుగఁగా నా చిన్నది “అంతయు బాగున్నది” అనెను. అట్లు చెప్పుమన్నవారము మేమే! తల్లియు బిడ్డయు క్షేమముగనే యున్నారు. మా మనసునకు మాత్రము నెమ్మది లేదు. ఆ నర్సుపై మాకుఁ గినుక లేదు. ఆ రాత్రి యామె యొక్కతెయే యందఱను జూచుకొనుచుండెను. ఆ మాట వ్రాఁతకెక్కియున్నచో నామెకుఁ దోడు వచ్చెడిదేమో!

నిజము చెప్పుట చాడీ గాదు. ఏ గంటకు వెళ్లితిమి, ఎంతసేపు వేచితిమి, ఎవరు చూచిరి – అడిగినప్పు డున్నదున్నట్లు చెప్పుదము. రేపటి రాత్రి యా గడప యెక్కు తల్లికి మన మాటయే రక్ష.