విచారణకు నోచుకోనివారు: రంగూన్ నుండి నేటి వరకు ఒక చట్టం కథ

బ్రిటిష్ పాలకులు 1870లలో రంగూన్‌లో మానసిక రోగుల ఆశ్రయాన్ని జైలుకు పొరుగునే నెలకొల్పారు. నేరస్థుణ్ణీ రోగినీ ఒకే గోడకు ఇరువైపులా ఉంచిన ఈ ఏర్పాటు ఆనాటి చట్టానికి అద్దం పడుతుంది.

1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. అందువల్ల 1860 నాటి శిక్షాస్మృతి అక్కడా అమలైంది. అందులోని 84వ సెక్షన్‌కు మూలం 1843లో లండన్‌లో జరిగిన మెక్‌నాటెన్ కేసు. మతి చలించిన కారణంగా తాను చేస్తున్నదేమిటో, లేదా అది తప్పని, తెలుసుకోలేని స్థితిలో చేసిన పని నేరం కాదని ఈ సెక్షన్ చెబుతుంది. వైద్యుడు రోగం ఉన్నదా అని చూస్తాడు. న్యాయస్థానం ఆ క్షణంలో ఎరుక ఉన్నదా అని అడుగుతుంది. తీవ్రమైన స్కిజోఫ్రీనియా ఉన్న వ్యక్తి కూడా రెండవ పరీక్షలో ఓడిపోవచ్చు. పైగా 1872 సాక్ష్యచట్టం ఈ మినహాయింపును రుజువు చేసుకొనే భారాన్ని ముద్దాయి పైనే ఉంచింది.

రేవులోనూ మిల్లులలోనూ పనిచేయడానికి ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుండి రంగూన్‌కు వలస వెళ్ళినవారిని బర్మీయులు 'కోరంగీలు' అన్నారు. అటువంటి కూలీకి మతి తప్పితే, పూర్వపు ప్రవర్తన గురించి సాక్ష్యం చెప్పగల బంధువులు సముద్రానికి ఆవల ఉండేవారు. భ్రమకూ నమ్మకానికీ మధ్య తేడా మాటల్లోనే తెలుస్తుంది కనుక, రోగి భాష రాని వైద్యునికి రోగనిర్ణయం సగం చీకటిలోనే జరుగుతుంది.

అసలు చిక్కు ఆ తరువాతిది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, తనను తాను సమర్థించుకోలేని ముద్దాయి విచారణ వాయిదా పడుతుంది. జామీను దొరకకపోతే అతణ్ణి 'సురక్షిత నిర్బంధం'లో ఉంచుతారు. 84వ సెక్షన్ కింద నిర్దోషిగా తేలినవాడికీ దాదాపు అదే గతి. శిక్షకు గడువు ఉంటుంది. ఈ నిర్బంధానికి లేదు. 1912 నాటి ఉన్మాద చట్టం కూడా చికిత్స కన్నా బంధించి ఉంచడం మీదనే ఎక్కువ దృష్టి పెట్టింది. 1942లో జపాన్ సేనలు సమీపిస్తుండగా రంగూన్‌లో ఖైదీలతో పాటు మానసిక రోగులను కూడా వీధుల్లోకి వదిలివేశారు. గడువులేని నిర్బంధం చివరకు ఏ ఆసరా లేని విడుదలగా ముగిసింది.

ఇది వలసపాలనతో అంతం కాలేదు. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక గిరిజనుడు విచారణ ముగియకుండానే 54 సంవత్సరాలు మానసిక వైద్యశాలలోనూ జైలులోనూ గడిపి, 2005లో విడుదలయ్యాడు. అతనికి తీర్పు చెప్పినవారు లేరు. అతణ్ణి మరచిపోయినవారే ఉన్నారు.

భారతదేశంలో 1912 చట్టం 1987 చట్టంతోనూ, అది 2017 మానసిక ఆరోగ్యరక్షణ చట్టంతోనూ తొలగిపోయాయి. 103వ సెక్షన్ మానసిక రోగులైన ఖైదీలకు చికిత్స అందించే బాధ్యతను పేర్కొంటుంది; 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని తీవ్రమైన మానసిక ఒత్తిడి ఫలితంగా భావించమంటుంది. బర్మాలో మాత్రం స్వాతంత్ర్యం తరువాత కూడా దశాబ్దాల పాటు 1912 చట్టమే నిలిచింది.

చట్టం పేరు మారినంత మాత్రాన గోడ కూలదు. నిర్బంధానికి గరిష్ఠ గడువు, నిర్ణీత కాలవ్యవధిలో స్వతంత్ర సమీక్ష, రోగి భాషలోనే పరీక్ష: ఈ మూడూ ఉండాలి. పరదేశంలో పోలీసు ఎదుట మాతృభాషలో మాత్రమే మాట్లాడగలిగే మతి చలించిన మనిషికి ఇందులో మూడవది, మిగిలిన రెండింటికీ ద్వారం.