లేత్ షెడ్డులో పోసే పాలనీళ్లు: షాఫ్ట్ ఇచ్చే రైతు తెలుసుకోవాల్సినవి

మిరప, పత్తి పనులు జోరుగా ఉన్నప్పుడే రోటవేటర్ షాఫ్ట్ అరుగుతుంది, బోరు మోటారు బేరింగ్ లూజవుతుంది. అప్పుడు పిడుగురాళ్లలో లేత్ షెడ్డుకు వెళ్లక తప్పదు. అక్కడ తిరుగుతున్న ఇనుముపై పాలలాంటి తెల్లని నీళ్లు ధారగా పడటం మీరు చూసే ఉంటారు. దీన్నే కటింగ్ ఆయిల్ అనీ, కూలెంట్ అనీ అంటారు. కొన్నిచోట్ల అది లేకుండానే పని కానిచ్చేస్తారు. బిగించిన బేరింగ్ ఎన్నాళ్లు నిలుస్తుందనేది చాలావరకు ఈ తేడాపైనే ఉంటుంది.

కూలెంట్ లేకపోతే ఏమవుతుంది?

ఉక్కును కోసేటప్పుడు పుట్టే వేడిలో ఎక్కువ భాగం చుట్టలుగా రాలే ఇనుప రజనుతో పోతుంది. మిగిలింది టూల్‌కూ, మీ షాఫ్ట్‌కూ ఎక్కుతుంది. మామూలు హైస్పీడ్ స్టీలు టూల్ సుమారు 600 డిగ్రీలు దాటితే మెత్తబడి పదును పోతుంది. అది టర్నర్ బాధ. మీ బాధ వేరు. 50 మి.మీ. ఉక్కు షాఫ్ట్ 40 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు 0.024 మి.మీ. పెరుగుతుంది. ఆ వేడి మీదే కొలిచి సైజు వచ్చిందని తీసేస్తే, చల్లారాక అంత మేర సన్నబడుతుంది. అది వెంట్రుక మందం కూడా కాదు. కానీ బేరింగ్ బిగుతుగా కూర్చోవడానికి ఉంచే తేడా కూడా అంతకంటే తక్కువే. లూజుగా కూర్చున్న బేరింగ్ షాఫ్ట్‌పై జారుతూ సీటును మళ్లీ తినేస్తుంది. అందుకే చివరి కోతకు ముందు షాఫ్ట్ చేతికి చల్లగా తగిలే వరకు ఆగి కొలవమని అడగండి. పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు.

అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1906లో ప్రకటించిన ప్రయోగాల్లో, టూల్‌పై నీళ్లు ధారగా పోస్తే కోత వేగం 30 నుంచి 40 శాతం పెంచవచ్చని చూపారు. అయితే ఒట్టి నీళ్లు తుప్పు పట్టిస్తాయి, జారుడు ఇవ్వవు. అందుకే నీళ్లకు నూనె తోడైంది.

ఏ పనికి ఏది?

ఎక్కువగా వాడేది నీళ్లలో కలిసే నూనె, అంటే సాల్యుబుల్ ఆయిల్. మీరు స్ప్రే ట్యాంకులో ఈ.సి. మందు పోస్తే నీళ్లు తెల్లబడతాయి కదా, ఇదీ అంతే. మామూలు టర్నింగ్‌కు లీటరు నీటికి 50 మి.లీ., గట్టి ఉక్కుకు 100 మి.లీ. వరకు, గ్రైండింగ్‌కు 20-25 మి.లీ. సరిపోతుంది. డబ్బాపై వేరే మోతాదు ఉంటే దాన్నే పాటించాలి. ముందు నీళ్లు తీసుకుని అందులో నూనె పోస్తూ కలపాలి. తిరగేసి చేస్తే పెరుగులా గడ్డకడుతుంది.

మరలు కోయడానికి, ట్యాప్ వేయడానికి, స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టులకు నీళ్లు కలపని నీట్ ఆయిల్ మేలు. ఇక్కడ వేగం తక్కువ, రాపిడి ఎక్కువ కాబట్టి చల్లదనం కంటే జారుడే ముఖ్యం. గంధకం కలిసిన నీట్ ఆయిల్‌ను మాత్రం ఇత్తడి, రాగి బుష్‌లకు వాడకూడదు, నల్లబడతాయి. సింథటిక్, సెమీ సింథటిక్ రకాలు ఎక్కువగా పెద్ద సీఎన్‌సీ షాపుల్లో కనిపిస్తాయి.

పోత ఇనుము పుల్లీని పొడిగా కోస్తుంటే టర్నర్‌తో గొడవ పడకండి. దానిలోని గ్రాఫైటే జారుడు ఇస్తుంది. కూలెంట్ పోస్తే పొడి బురదలా మారి మిషన్‌కు పట్టుకుంటుంది. కార్బైడ్ టూల్‌తో పొడిగా కోసినా తప్పు లేదు. కానీ సీసాతో అప్పుడొకటి ఇప్పుడొకటి చుక్కలు చల్లితే, వేడి టూల్ ఒక్కసారిగా చల్లబడి పగుళ్లిస్తుంది. పోస్తే ఆపకుండా పోయాలి.

మన నీళ్లతోనే చిక్కు

మనది సున్నపురాయి నేల. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, సబ్బు నురగ రాదు. ఆ కాల్షియమే నూనెను నీటిలో కలిపి ఉంచే పదార్థాన్ని విరగ్గొడుతుంది. నూనె పైకి తేలి, కింద ఒట్టి నీళ్లు మిగులుతాయి. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకున్న యువకులు ముందు ఒక గాజు సీసాలో కలిపి రాత్రంతా ఉంచి చూడాలి. పైన మందంగా మీగడలా, నూనెలా తేలితే ఆ నీళ్లు పనికిరావు. వాన నీళ్లో, ఆర్.ఓ. నీళ్లో వాడండి. ఆర్.ఓ. నీళ్లతో నురగ కాస్త ఎక్కువ రావచ్చు, అది విరగడం కంటే నయం.

ట్రాక్టర్ రేడియేటర్‌లో పోసే కూలెంట్ పేరుకు ఒకటే గానీ పూర్తిగా వేరు. అందులో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. దాన్ని లేత్‌కు వాడకూడదు, ఒలికిన చోట పశువులను నాకనివ్వకూడదు.

పాడైన కూలెంట్

నాలుగు రోజులు మిషన్ ఆగితే పాలనీళ్లలో బాక్టీరియా పెరిగి కుళ్లు వాసన వస్తుంది. పైన తేలిన నూనెను రోజూ తీసేస్తే ఎక్కువ రోజులు నిలుస్తుంది. వాసన వచ్చాక కొత్త నూనె కలిపి నెట్టుకురావద్దు, మొత్తం తీసి తొట్టి కడగాలి. చేతులకు దురద, పగుళ్లు రావడానికి ఈ నీళ్లే కారణం కావచ్చు. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి, కిరోసిన్‌తో కాదు. తగ్గకపోతే చర్మ వైద్యుణ్ణి కలవండి.

తీసిన దాన్ని పంట కాలువలోనో, గట్టు పక్కనో పారబోయకూడదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన నూనెలు కూడా ఉన్నాయి. మూత ఉన్న డ్రమ్ములో నిల్వ చేసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వారికే ఇవ్వాలి. మీ పొలం పక్కన షెడ్డు ఉంటే, కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో ఒకసారి వెళ్లి చూడండి.